బీము ఎవరివైపు ఒరిగింది

ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ, "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అని అడుగుతారు. వాళ్లు ఎదురుచూసేది పెద్ద యాక్సిడెంటు, నెలల తరబడి మంచం, చివర్లో లేచి నడిచిన మనిషి. నేను చెప్పేది మాత్రం ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు మగవాళ్ల సంగతి. మొదలుపెట్టగానే కొందరి మొహాలు చిన్నబోతాయి. అయినా చెప్తాను. చాయ్ నాది, వినకుండా ఎక్కడికి పోతారు?

నేను పుట్టింది జగిత్యాల దగ్గర. పెళ్లయ్యాక సూరత్ వచ్చాను, ఇక్కడే రిటైరయ్యాను. కడోదరా దగ్గర హైవే పక్కనున్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో, ఎముకల డాక్టరు గదికి వెనక గదిలో నా ఉద్యోగమంతా గడిచింది. జోల్వా వైపు మగ్గాల మీద పనిచేసే మనవాళ్లు "తెలుగు మేడమ్ ఉన్నదా?" అని వాకబు చేసుకుంటూ వచ్చేవాళ్లు. డాక్టరు ముందు "కమర్ మే దర్ద్", నడుము నొప్పి, అని ఒక్క ముక్కతో సరిపెట్టే మనిషి, నా ముందు కూర్చుంటే ఊళ్లో పొలం గట్టు తగాదా దాకా చెప్పేవాడు. నాకూ నోరు ఎక్కువే. చెప్పిన కసరత్తు చేయకుండా వచ్చినవాణ్ణి తిట్టకుండా పంపిన రోజు లేదు. అయినా మళ్లీ నా దగ్గరికే వచ్చేవాళ్లు.

ఆ రోజు వచ్చిన ఇద్దరూ బెంచీకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. మధ్యలో ముగ్గురు పట్టేంత చోటు వదిలేశారు, బయట వరండాలో జనం నిలబడి ఉన్నారు. ఒకాయన నడుముకు తువ్వాల బిగించి కట్టుకున్నాడు. రెండో ఆయనకు పెద్ద మీసాలు. వాళ్ల పేర్లు చెప్పను. మా ఆసుపత్రిలో అందరూ వాళ్లను తువ్వాలాయన, మీసాలాయన అనే పిలిచేవాళ్లు, మీరూ అలాగే అనుకోండి. ఇద్దరికీ యాభై దాటి కొన్నేళ్లయింది.

"ఏమైందన్నా?" అని తువ్వాలాయనను అడిగాను.

"నడుము నొస్తుంది మేడమ్. కూసుంటే లేవస్తలేదు. ఎందుకు నొస్తుందో ఆయన్నే అడుగుండ్రి."

"ఎవరిని?"

"గా మీసాలాయన్ని."

మీసాలాయన గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ అన్నాడు. "నేను ఒట్టిగ తోడొచ్చిన మేడమ్. ఈయనకూ నాకూ మాటల్లేవు. నడవలేకపోతుండని రిక్షాల ఎక్కించుకొచ్చిన, గంతే."

మాటల్లేని మనిషిని రిక్షాలో ఎక్కించుకొచ్చి, లైన్లో నిలబడి చిట్టీ రాయించి, పక్కన కూర్చుని కాపలా కాసే పగ నేను అంతకుముందు చూడలేదు. అసలు సంగతేమిటో చెప్పండి, లేకపోతే ఇద్దరినీ బయటికి పంపిస్తాను అన్నాను. అప్పుడు బయటపడింది.

మగ్గాలు చూడనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. బీమంటే పడుగు నూలు చుట్టిన పెద్ద ఇనుప రోలరు. చిన్న కార్ఖానాల్లో దాన్ని ఇద్దరు మనుషులు చెరో కొసా భుజానికెత్తుకుని మగ్గం దాకా మోస్తారు. ఆ ఇద్దరినీ ఎత్తు చూసి జత కడతారు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి అయితే బీము పొట్టివాడి వైపు ఒరిగి, బరువంతా అతని భుజం మీదికే దిగుతుంది. వీళ్లిద్దరూ సిరిసిల్ల వైపు ఒకే ఊరివాళ్లు. ఒకే రైలెక్కి వచ్చారు, జోల్వాలో ఒకే గదిలో ఉంటున్నారు. కొలిచినట్టు ఒకే ఎత్తు కావడంతో మొదటి రోజే జత కుదిరింది. ఇరవై ఏళ్లకు పైగా ఆ కార్ఖానాలో వీళ్లను విడిగా పిలిచినవాళ్లు లేరు, యజమాని సేఠ్‌తో సహా అందరూ "జోడీ" అనేవాళ్లు.

ఏడాదిగా బీము తువ్వాలాయన వైపు ఒరుగుతోంది. ఆయన లెక్క ప్రకారం దానికి ఒకటే కారణం. "వీడు తన కొస జర పైకి లేపుతుండు మేడమ్. బరువు నా మీదికి తోస్తుండు. నా నడుము గట్లనే పోయింది."

"ఇరవై ఏండ్లు మోసిన," అన్నాడు మీసాలాయన క్యాలెండరుతోనే. "ఎన్నడన్న ఒక్కపారి తప్పు జేసిన్నా? నలుగురి ముంగట నన్ను కామ్‌చోర్ అన్నడు. అగో, గప్పటి సంది మాట్లాడుత లేను. వచ్చే నెల సంది ఇంకో జోడీ కట్టుమని సేఠ్‌కు చెప్పిన."

పనిదొంగ అన్న మాట ఆయనకు ఎక్కడ తగిలిందో నాకు తెలిసింది. తువ్వాలాయన తల వంచుకున్నాడు గానీ తన మాట వెనక్కి తీసుకోలేదు.

చేతిలో చిట్టీ చూశాను. బెణుకు, వేడి కాపడం అని రాసి ఉంది. లైన్లో వందమంది ఉన్నప్పుడు బరువులు మోసే మనిషి నడుము నొప్పంటే ఏ డాక్టరైనా అదే రాస్తాడు. చొక్కా విప్పించి నిలబెట్టాను. పక్కటెముకలు దిగివచ్చి తుంటి ఎముకకు దగ్గరగా కూర్చున్నాయి. వీపు పైభాగం గుండ్రంగా ముందుకు వంగింది. కింద ప్యాంటు అంచులు రెండు మడతలు పెట్టి ఉన్నాయి.

"కొత్త ప్యాంటా అన్నా? పొడుగైంది?"

"పాతదే మేడమ్. ఉతికి ఉతికి సాగినట్టుంది."

"ఉతికితే దగ్గరపడే ప్యాంటును చూసిన గని సాగే ప్యాంటును చూడలె. ఇద్దరు చెప్పులిప్పి ఇటు రండి. వీపుకు వీపు ఆనించి నిలబడుండ్రి."

ఇద్దరూ ససేమిరా అన్నారు. వాడి వీపు నాకు తగలొద్దని ఒకరు, నాకూ అంతేనని ఇంకొకరు. ఇద్దరికీ మనవలున్నారు. నేను గొంతు పెంచాక వచ్చి నిలబడ్డారు. టేబులు మీదున్న పొడుగాటి చెక్క స్కేలు తీసి ఇద్దరి తలల మీద అడ్డంగా పెట్టాను. స్కేలు తువ్వాలాయన వైపు ఒరిగింది. కొంచెం కాదు, జారి ఆయన మెడ మీద పడబోతే పట్టుకున్నాను.

మీసాలాయన వెనక్కి తిరిగి చూశాడు. కళ్లకెదురుగా ఉండాల్సిన కళ్లు కింద కనిపించాయి. నెలల తర్వాత ఆయన నేరుగా అన్న మొదటి మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"అరేయ్, నువ్వు పొట్టిగైనవ్ రా."

"నేనెందుకైత? నువ్వే పెరిగినవ్."

"ముసలోనికి మీసాలు పెరుగుతయ్ గని ఎత్తు పెరుగుతదా?"

నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. మీసాలాయన మాత్రం నవ్వలేదు. స్నేహితుడి నడినెత్తి వైపు చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. గదిలో పక్కపక్కన పడుకునే మనిషి కుంగిపోతుంటే ఎట్లా చూసుకోలేదా అన్న బాధ ఆయన మొహంలో తెలిసిపోతోంది.

"ఇంకేం మందులు వేసుకుంటవన్నా?" అని అడిగాను.

"ఏం లేవు మేడమ్."

"అబద్ధం," అన్నాడు మీసాలాయన. "ఆయాసానికి చిన్న తెల్లగోలీ మింగుతడు. ఏండ్ల సంది. డాక్టరు ఎప్పుడో కొన్ని దినాలకు రాసిచ్చిండు, ఇగ మందుల షాపాయన ఇస్తనే ఉన్నడు. బీడీ గూడ తాగుతడు. నైట్ డ్యూటీ దిగి పొద్దంత పంటడు, ఎండ మొహం చూసి ఎన్ని దినాలైందో."

మాటల్లేవన్న మనిషి రోగి చరిత్ర మొత్తం ఒప్పజెప్పాడు. ఆ తెల్లగోలీ స్టెరాయిడ్. ఆయాసం చిటికెలో తగ్గిస్తుంది, ఏళ్ల తరబడి మింగితే లోపల ఎముకలను గుల్ల చేస్తుంది. నేను చిట్టీ పట్టుకుని నేరుగా డాక్టరు గదిలోకి వెళ్లాను.

మా ఎముకల డాక్టరు వయసులో నాకంటే చాలా చిన్న, గుజరాతీ, మంచివాడు, ఎప్పుడూ తొందరలో ఉండేవాడు. ఎముకలు గుల్లబారాయేమో చూడండి అంటే, "దీదీ, మగవాడు, అరవై కూడా నిండలేదు" అన్నాడు. తెల్లగోలీ సంగతి, స్కేలు సంగతి చెప్పేసరికి పెన్ను కింద పెట్టి వెన్నుకు పక్కనుంచి ఎక్స్‌రే రాశాడు. తెర మీద బొమ్మ రాగానే ఇద్దరం దగ్గరికి వంగి చూశాం. ఇటుకల్లా నాలుగు పలకలుగా ఉండాల్సిన వెన్నుపూసల్లో రెండు ముందువైపు అణిగిపోయి ఉన్నాయి. మనిషి ఎక్కడా పడలేదు, దెబ్బ తగల్లేదు. మామూలుగా బీము ఎత్తుతూ ఎత్తుతూ, తనకే తెలియకుండా వెన్ను విరగ్గొట్టుకున్నాడు. ఒక పూస అణిగి ఎత్తు తగ్గగానే బీము ఒరిగింది, ఆ బరువుకు రెండోది అణిగింది.

ఎముకల సాంద్రత చూసే స్కాన్‌కు పంపితే అక్కడి కౌంటరులో ఇంకో అడ్డంకి. గోడ మీద నడుం పట్టుకున్న ముసలమ్మ పోస్టరు, కింద ఆడవాళ్ల లైను. "దీదీ, ఇది లేడీస్ కోసం కదా" అన్నాడు కౌంటరతను. నీ మెషీనుకు చీర కట్టుకొచ్చినవాళ్లే కనిపిస్తారా అని అడిగాను. తువ్వాలాయన ఆ లైన్లో నిలబడ్డంతసేపూ నడుముకున్న తువ్వాల తీసి మొహానికి కప్పుకున్నాడు.

ఫలితం నేననుకున్నదే. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం. వారానికో మాత్ర, రోజూ కాల్షియం, డి విటమిన్. తెల్లగోలీ ఒక్కసారిగా ఆపితే ప్రమాదం కాబట్టి ఊపిరితిత్తుల డాక్టరు చూసి మెల్లగా తగ్గిస్తాడు, బదులుగా పీల్చే మందు ఇస్తాడు. బీడీ మానాలి. బీము ఇక ముట్టకూడదు. ఈసారి వెన్నుతో పోదు, నూనె పడ్డ నేల మీద జారితే తుంటి విరుగుతుంది, తుంటి విరిగితే మగవాళ్లు ఆడవాళ్లు కోలుకున్నంత కూడా కోలుకోరు. నేను ప్రతి ముక్కా తెలుగులో చెప్పాను.

తువ్వాలాయన అన్నీ విని, "గిది ఆడోళ్ల బీమారి మేడమ్. మా అవ్వకుండె. సేఠ్‌కు చెప్పకుండ్రి," అన్నాడు. బీము మోయనివాణ్ణి సేఠ్ ఎందుకు ఉంచుకుంటాడు, మూటాముల్లె సర్దుకుని పొమ్మంటాడు అని ఆయన భయం. దానికంటే పెద్దది ఇంకొకటుంది. స్నేహితుడు మోసం చేస్తున్నాడనుకున్నప్పుడు ఆయనకు కోపం వచ్చింది. తన ఎముకలే మోసం చేశాయని తెలిసేసరికి సిగ్గేసింది. కోపం కంటే సిగ్గు మొండిదని నాకు ఆసుపత్రి చాలాసార్లు నేర్పింది. మాత్రలు తీసుకున్నాడు, మర్నాడు మళ్లీ బీము కిందికి వెళ్లాడు.

ఆ వారం మీసాలాయన ఒక్కడే వచ్చాడు.

"మేడమ్, నాకో ఉపాయం తట్టింది. నేను జర మోకాళ్లు వంచి నడుస్త. గప్పుడు బీము సమానమైతది గద? వానికి బరువు తగ్గుతది, ఎవరికీ తెల్వది."

ఆయన్ను చూస్తే ముద్దొచ్చింది, కోపమూ వచ్చింది. "నీ మోకాళ్లు బోతయ్ అన్నా. నాకు ఇద్దరు పేషెంట్లయితరు. ఆయన సగం బరువు గూడ మోయొద్దు, పావు గూడ మోయొద్దు."

"నేను చెప్తే ఇంటడా? ఇంకో జోడీ కట్టుకుంటె గూడ వానితోని ఎత్తుతడు. ఆ కొత్తోడు నాకంటె పొడుగు, బరువుకు వీడు సచ్చిపోతడు."

"నువ్వైతే ఎత్తకు. ఈ నెలంత ఆయన జోడీ నువ్వే, నువ్వు లేకుంట బీము లేవదు గద."

ఆయన మీసం దువ్వుకుంటూ వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం పొద్దున ఫోన్ చేశాడు. "మేడమ్, గియ్యాల బీములొచ్చినయ్. మీరు జర వస్తే నాకు ధైర్యముంటది."

ఆదివారం పూట వంట కూడా పూర్తి కాకుండా నేను జోల్వా ఎందుకు వెళ్లానంటే చెప్పలేను. వెళ్లేసరికి షెడ్డులో మగ్గాలన్నీ ఆడుతున్నాయి. ఆ రొదలో మాటలు సగమే వినబడతాయి, మిగతా సగం చేతులు చెప్పాలి. దారి మధ్యలో కొత్త బీము నేల మీద ఉంది. తువ్వాలాయన ఒక కొస దగ్గర వంగబోతున్నాడు. మీసాలాయన రెండో కొస దగ్గరికి వచ్చి, ఎత్తడానికి బదులు భుజం మీది కండువా తీసి బీము మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు.

నేతపని తెలిసినవాళ్లకే ఇది అర్థమవుతుంది. పడుగు మీద కూర్చోవడం వాళ్లలో ఎవరూ చేయరు, కాలు తగిలినా కళ్లకద్దుకుంటారు. దగ్గర్లో ఉన్నవాళ్లు మగ్గాలు ఆపేశారు. ఆ ఆపడం చూసి దూరంగా ఉన్నవాళ్లూ ఆపారు. షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది.

"లేవరా," అన్నాడు తువ్వాలాయన. "పడుగు మీద కూసుంటవా? మనిషివేనా?"

"ఇగ బీము ఎత్తనని ఒట్టు వెయ్. లేస్త."

"నలుగురు చూస్తుండ్రు."

"చూడనియ్. నన్ను కామ్‌చోర్ అన్ననాడు గూడ నలుగురు చూసిండ్రు."

ఈలోగా సేఠ్ వచ్చాడు. లావుపాటి మనిషి, నడుం మీద చెయ్యి వేసుకుని నడుస్తాడు. మగ్గాలు ఎందుకు ఆగాయని హిందీలో గట్టిగా అరిచాడు. మీసాలాయన కూర్చునే జవాబిచ్చాడు. "సేఠ్, ఇస్‌కా కమర్ టూటా హై. దో జగహ్."

నడుము రెండు చోట్ల విరిగిందన్న, ఇన్నాళ్లూ దాచిన మాట అందరి ముందూ పడింది. తువ్వాలాయన మొహం మాడిపోయింది. బీము వదిలి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడని నాకు అర్థమైంది. మీసాలాయనకూ అర్థమైంది, అయినా లేవలేదు. ఆ క్షణంలో అంత గట్టిగా కూర్చోవడం ఎంత కష్టమో నేను చూశాను. ఆయన రెండు చేతులూ కండువా అంచులను వదల్లేదు.

సేఠ్ నన్ను అడిగాడు. మర్దోం కో భీ హోతా హై? మగవాళ్లకూ వస్తుందా? వస్తుంది, తెల్లగోలీలు మింగేవాళ్లకు తొందరగా వస్తుంది అన్నాను. సేఠ్ గొంతు తగ్గించి, మోకాళ్ల నొప్పికి తనూ అలాంటిదే వేసుకుంటున్నానని చెప్పాడు. అటు మగ్గాల మధ్యనుంచి ఎవరో తెలుగులో అన్నారు. "మేడమ్, నా ప్యాంటు గూడ పొడుగైంది." ఇంకొకాయన, "నాకు ఆయాసం గోలీ ఉన్నది," అన్నాడు. గోడ వైపున్న తువ్వాలాయన మెల్లగా ఇటు తిరిగాడు. తనొక్కడే కాదని తెలిసిన మనిషి మొహం ఎట్లా మారుతుందో ఆ రోజు చూశాను.

ముందు కాస్త సణిగాడు గానీ సేఠ్ లెక్క తెలిసినవాడు. నడుములు విరిగిన పనివాళ్లతో మగ్గాలు నడవవు. కడోదరాలో వెల్డింగు పనివాడికి చెప్పి చక్రాల బండి చేయిస్తానన్నాడు, పైకి లేపడానికి గొలుసు కప్పీ పెట్టిస్తానన్నాడు. తువ్వాలాయనను తయారైన బట్ట చూసే టేబులు దగ్గరికి మారుస్తానన్నాడు.

"బండి ఎప్పుడొస్తది?" అన్నాడు మీసాలాయన.

రెండు మూడు రోజులన్నాడు సేఠ్.

"గందాంక కూసుంట."

చివరికి తువ్వాలాయనే వచ్చి, స్నేహితుడి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. మీసాలాయన లేచి కండువా దులిపి, పడుగును తాకి కళ్లకద్దుకున్నాడు. ఇంకో జోడీ సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆ పైన జరిగినవన్నీ చిన్న సంగతులే, నాకు మాత్రం ఇష్టమైనవి. వారం మాత్ర పరగడుపున గ్లాసుడు నీళ్లతో వేసుకుని అరగంట పాటు పడుకోకూడదు. డ్యూటీ దిగి వచ్చిన మనిషికి అది నరకం. మీసాలాయన ఆ అరగంటా ఆయన్ను గది బయట ఎండలో నిలబెట్టి, తనూ పక్కనే నిలబడి ఊరి కబుర్లు చెప్పేవాడట. నేను నేర్పిన ఒంటికాలి కసరత్తు టేబులు పట్టుకుని చేస్తుంటే మొదట్లో మిగతావాళ్లు నవ్వారు, తర్వాత వాళ్లూ కొంగల్లా నిలబడ్డారు. మా డాక్టరు గది తలుపు పక్కన గోడకు ఎత్తు కొలిచే గీతలు వెలిశాయి. యాభై దాటిన మగవాడు నడుము నొప్పని వస్తే ముందు గోడకు నిలబెట్టి, మీరు మునుపు ఎంత ఎత్తుండేవారని అడగడం ఆయనకు అలవాటైంది. స్కాన్ కౌంటరు దగ్గర పోస్టరులో ముసలమ్మ పక్కన ఒక ముసలాయన చేరాడు. ఆ ముసలాయనకు కూడా మీసాలున్నాయి, కావాలని పెట్టించారేమోనని నాకు అనుమానం.

కొన్నాళ్లకు తీసిన స్కాన్‌లో కొత్తగా ఏదీ విరగలేదు, ఎముక కొంచెం గట్టిపడింది. తువ్వాలాయన నడుముకు తువ్వాల లేకుండా వచ్చాడు.

"మల్ల పెరుగుతనా మేడమ్?"

"పెరగవన్నా. పోయిన ఎత్తు రాదు. ఇంక పోకుండ చూస్కుందాం."

"గంతే సాలు," అన్నాడు.

నా రిటైర్మెంటు రోజున ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. తువ్వాలాయన ప్యాంటు అంచులు మడతల్లేకుండా కత్తిరించి కుట్టించుకున్నాడు. పూలదండలు, ప్రసంగాలు అయ్యాక ఫొటో తీస్తామంటే నాకు పక్కగా ఇద్దరూ నిలబడ్డారు. ఫొటో తీసేవాడు సర్దుకోమన్నాడు. అప్పుడు చూశాను, మీసాలాయన మెల్లగా మోకాళ్లు వంచి తన తలను స్నేహితుడి తల పక్కకు దించుతున్నాడు.

తువ్వాలాయన కెమెరా వైపు చూస్తూనే, పక్కకు తిరగకుండా అన్నాడు.

"మోకాళ్లు సాపు రా. నేను పొట్టిగైన. పొట్టిగనే పడనియ్."